తాత గడకర్ర, నా వెండి పట్టీలు

సంక్రాంతి సెలవుల తరువాత తొలి రోజు కావడంతో తరగతిలో సగం మందే ఉన్నారు, వచ్చినవారికి కూడా అరిసెల మత్తు ఇంకా వదలలేదు. కర్బన సమ్మేళనాల పాఠంలో, భూమిని వేడెక్కించే మీథేన్ వాయువు దగ్గరికి వచ్చి, మంచినీటి చిత్తడి నేలల్లో అది బాగా పుడుతుందని, సముద్రపు నీరు చేరితే తగ్గుతుందని చెప్పాను. కిటికీ పక్క పిల్ల లేచి, "అయితే మన తంపరలోకి ఉప్పునీరొస్తే మంచిదేనా మేడం?" అని అడిగింది. గంట కొట్టే వేళైందని "ఆ లెక్కన మంచిదేనమ్మా" అనేశాను. రాత్రి పదకొండు దాటినా ఆ మాట పంటి సందున ఇరుక్కున్న చెరకు పీచులా ఉంది.

తంపర అంటే మా పుట్టింటి దగ్గరి చిత్తడి నేల. ఒక పక్క నౌపడ ఉప్పు మళ్ళు, మరో పక్క వానాకాలమంతా నీళ్ళు నిలిచే పల్లం. చిన్నప్పుడు తాత నన్ను తాటిదోనెలో కూర్చోబెట్టుకుని, తుంగ దట్టంగా ఉన్న చోటికి తీసుకుపోయి, గడకర్రను బురదలో దిగేసి పైకి లాగేవాడు. ఆ గుంతలోంచి బుడగలు బుడబుడమంటూ వస్తుంటే, "కొరివి దెయ్యం ఊపిరి తీస్తోందమ్మా" అనేవాడు. ఒక సందెవేళ ఆ బుడగల మీద అగ్గిపుల్ల గీసి చూపాడు. నీలంగా ఒక్క మంట లేచి ఆరిపోయింది. ఆ రాత్రి నేను భయంతో అన్నం ముట్టలేదు, నాన్నమ్మ తాతను తిట్టిన తిట్లకు పక్కింటివాళ్ళు నిద్ర లేచారు. 1776లో వోల్టా అనే శాస్త్రవేత్త ఇటలీలోని మజోరే సరస్సు ఒడ్డున బురదను కదిపి ఇదే మీథేన్ వాయువును పట్టాడని డిగ్రీలో చదివినప్పుడు, నాకు ముందు గుర్తొచ్చింది తాత చేతిలోని అగ్గిపెట్టె.

పోయిన వేసవిలో తమ్ముడు రమ్మంటే అదే చోటికి వెళ్ళాను. తూము తలుపు ఊడిపోయి రెండేళ్ళయింది, పోటు వచ్చినప్పుడల్లా కాలువ వెనక్కి పారి ఉప్పునీరు లోపలికి వస్తోంది. వాడు పెట్టిన అర్జీల రశీదులన్నీ బీమా కాగితాల్లా ప్లాస్టిక్ సంచిలో దాచుకున్నాడు. ఎవరిని అడిగినా అది తమ పరిధి కాదంటారట, ఒక అధికారి అయితే అసలు అక్కడ తూమే లేదన్నాడట. ఒక్క తలుపు! పెళ్ళిపందిరికి పెట్టే ఖర్చులో పదో వంతు కూడా కాని తలుపు! రాస్తుంటేనే ఒళ్ళు మండుతోంది.

నీళ్ళలోకి దిగి నేనూ కర్ర గుచ్చి చూశాను. బుడగలు నాలుగైదుకు మించి రాలేదు గాని, కుళ్ళిన గుడ్డు వాసన ముక్కు పగలగొట్టింది. కాళ్ళు కడుక్కుంటూ చూస్తే అమ్మ పెట్టిన వెండి పట్టీలు నల్లబడి ఉన్నాయి. చింతపండుతో ఎంత తోమినా గొలుసు కొక్కెం దగ్గర ఆ నలుపు ఈనాటికీ పోలేదు. లీటరు సముద్రపు నీటిలో సుమారు 2.7 గ్రాముల సల్ఫేటు, అంటే గంధకం కలిసిన లవణం, ఉంటుంది. గాలి అందని బురదలో అది దొరికిందంటే, దానితో బతికే సూక్ష్మజీవులు బలపడి, మీథేన్ తయారుచేసే వాటి నోటి దగ్గరి తిండిని, అంటే హైడ్రోజన్‌ను, అసిటేటును లాగేసుకుంటాయి. మీథేన్ బదులు కార్బన్ డయాక్సైడు, హైడ్రోజన్ సల్ఫైడు వెలువడతాయి. ఆ రెండోదే నా పట్టీలను పట్టుకుంది.

అలాగైతే నేను చెప్పింది తప్పేమీ కాదని అన్నం తింటూ సర్దిచెప్పుకున్నాను. నూరేళ్ళ లెక్కలో మీథేన్ కార్బన్ డయాక్సైడు కంటే దాదాపు 28 రెట్లు ఎక్కువ వేడి పట్టి ఉంచుతుంది కదా! గిన్నెలు తోముతుండగా మనసు మారింది. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు ఉంటే, మీథేన్ గట్టిగా తగ్గేది 18 దాటిన చోటనే. అంతకంటే చప్పటి నీటిలో తగ్గుతుందన్న భరోసా లేదు, కొన్ని చోట్ల పెరుగుతుంది కూడా. మా తూము దగ్గర నోట పెట్టుకోలేనంత ఉప్పు, అర మైలు లోపలికి పోతే పశువులు తాగుతాయి.

పైగా వాయువుల లెక్కతోనే ఇది తేలదు. మొక్కల అవశేషాలు నీళ్ళ కింద పూర్తిగా కుళ్ళకుండా ఏడాదికి మిల్లీమీటరు చొప్పున పేరుకున్న పీట్ నేలలు భూభాగంలో 3 శాతమే అయినా, నేలల్లోని కార్బన్‌లో దాదాపు మూడో వంతు వాటిలోనే ఉంది. ఫ్లోరిడాలోని ఎవర్‌గ్లేడ్స్‌లో ఉప్పునీరు చేరిన చోట్ల, మన తుంగకు బంధువైన మొక్క చచ్చి, వేళ్ళ పట్టు పోయి, పీట్ నేలే కుంగిపోతోంది. కుంగిన చోట లోతు పెరిగి మళ్ళీ మొక్క లేవదు. మీథేన్ ఖర్చు తగ్గిందని మనం సంబరపడుతుంటే, సంపాదించి జమచేసే మనిషే ఇల్లు వదిలిపోయినట్టు. నేను ఆ పిల్లకు ఖర్చు పద్దు మాత్రమే చదివి వినిపించాను.



రేపు మూడో పీరియడ్ మళ్ళీ ఆ తరగతే. పట్టీలను రుమాలులో చుట్టి బడి సంచిలో పెడుతుంటే మావారు తల ఎత్తి చూసి, "తాకట్టుకా?" అని అడిగారు.