మూడు కోకల బొంత

ఆదివారం. పొద్దున్నుంచీ ముసురు. బట్టలు ఉతికే పని లేదు కదా అని బీరువా సర్దడానికి కూర్చున్నాను. మధ్యాహ్నానికి హాలు నిండా బట్టలే, నడవడానికి దారి లేదు.

అత్తయ్య నేత కోకలు, మామయ్యగారి లుంగీలు, మా ఆయన జీన్సు ప్యాంట్లు రెండు, నడుమ పలచబడిపోయిన దుప్పటి ఒకటి. పాత బట్టలు తీసుకుని స్టీలు సామాన్లిచ్చే ఆవిడ మా వీధికి నెలకోసారి వస్తుంది. పోయినసారి ఆరు చీరలకి ఒక చిన్న గిన్నె ఇచ్చింది, మూత కూడా లేదు. అత్తయ్య ఆ రోజు ఏమీ అనలేదు. అప్పట్నుంచీ ఆ గిన్నెలో నాలుగు కరివేపాకు రెబ్బలు వేసి, నాకు కనబడేలా ఫ్రిజ్‌లో ముందు వరసలో పెడుతున్నారు. ఆవిడ అనడమంటే అదే.

అందుకే ఈసారి నేనే అన్నాను, "అత్తయ్యా, బొంత కుడదామా?"

"కుడదాం గానీ, నీకు ఓపికుంటాదా?" అంటూనే ఆవిడ కళ్ళజోడు తెచ్చుకున్నారు.

బొంతంటే పాత కోకలు ఒకదాని మీద ఒకటి పరిచి కుట్టేయడమే అనుకున్నాను. ఏరడానికే రెండు గంటలు పట్టింది. ఒక్కో కోకనీ గుమ్మం దగ్గర వెలుగుకి పట్టి చూడాలి. కుచ్చిళ్ళ కింది అంచు నేలకి రాసుకుని అరిగిపోతుంది, కూర్చునే చోట పలచబడుతుంది, కొంగు మాత్రం కొత్తదానిలా ఉంటుంది. అనుమానం వచ్చిన చోట రెండు బొటనవేళ్ళతో పట్టి లాగాలి. చర్రుమంటే ఆ ముక్క మసిగుడ్డకి, నిలబడితే బొంతకి. ఇరవై ఏళ్ళుగా చీరలు కడుతున్నాను, ఏ చీర ఎక్కడ అరుగుతుందో ఈ రోజే చూశాను.

దుప్పటిది ఇంకో లెక్క. నడుమ అరిగింది, పక్కలు గట్టిగానే ఉన్నాయి. అత్తయ్య దాన్ని నిలువునా నడిమికి చీల్చేశారు. గట్టిగా ఉన్న రెండు పక్కల్నీ కలిపి మధ్యలో కుట్టు వేయించి, అరిగిన వైపులు అంచులకి వచ్చేలా మడిచి హెమ్మింగ్ చేయమన్నారు. పరుపు కిందికి మడిచేసే భాగం అరిగితే ఎవరికి నష్టం? ఇంకో రెండేళ్ళు వస్తుంది.

బొంత కొలత మా ఇంట్లో ఒకటే. కోక అయిదున్నర మీటర్లు. దాన్ని సగానికి మడిస్తే పైదీ కిందదీ అదే అయిపోతుంది, ఒక మనిషికి సరిపడా వెడల్పు. లోపల ఇంకో రెండు కోకలు, అరిగినచోట లుంగీ ముక్కలు. అంతకన్నా మందంగా వద్దని నేనే పట్టుబట్టాను. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చినప్పుడు సోంపేటలో మా కన్నవారిల్లు కారింది. అమ్మ కుట్టిన ఆరేడు కోకల బొంత తడిస్తే నేనూ తమ్ముడూ కలిసి కూడా ఎత్తలేకపోయాం. కరెంటు లేదు, ఎండ లేదు, వారం రోజులకి అది వాసనొచ్చి పారేయాల్సి వచ్చింది. పలచటి బొంత అయితే ఉతకొచ్చు, ఒక్క పూట ఎండకి ఆరుతుంది. చలేస్తే రెండు కప్పుకోవచ్చు.

ఇక నా తెలివితేటలు. నా పాలిస్టరు చీర ఒకటుంది, నెమలి రంగు, ఒక్క చిరుగు లేదు. పైకి అందంగా ఉంటుందని అది పరిచాను.

"దాన్నొగ్గీ అమ్మా, జారిపోద్ది" అన్నారు అత్తయ్య.

వినలేదు. కచ్చా కుట్లు వేసి, మధ్యలోంచి అంచులకి కుట్టుకుంటూ వెళ్ళాను. గంటకల్లా పై చీర ఒకవైపు, కింది కోకలు ఇంకోవైపు. అంతా ముడతలు. పైగా అది చెమట పీల్చదు, ఒంటికి అతుక్కుంటుంది. మొత్తం విప్పి, పైకి నేత కోకే పరిచి మళ్ళీ కుట్టాల్సి వచ్చింది. విప్పుతున్నంతసేపూ ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ కూర్చున్నారు, పాపం. ఆ చీర పేలికలు చేసి జడలా అల్లుతున్నాను. చుట్టలా చుట్టి కుడితే పెరట్లో కుళాయి దగ్గర పట్ట అవుతుంది. నీళ్ళు పీల్చని గుణం అక్కడ పనికొస్తుంది, దులిపితే చాలు.

బట్టల అడుగున మామయ్యగారి పొందూరు పంచె దొరికింది. వాలుగ చేప దవడ పళ్ళతో పత్తి దువ్వి వడికిన నూలు అది. 100 కౌంటు నూలంటే పౌను బరువుకి 84,000 గజాల దారం అని ఆయన వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, అడిగినా అడక్కపోయినా. మోకాళ్ళ దగ్గర జల్లెడలా ఉంది. బొంత లోపల పెడదామంటే అత్తయ్య ఒప్పుకోలేదు. నేను ఇంకేదో అనుకున్నాను గానీ, ఆవిడ చెప్పిన కారణం వేరు: మూడు పేటల దారం లాగితే అంత సన్నటి నేత కుట్టు దగ్గరే చిరిగిపోతుందట. గట్టిగా ఉన్న రెండు చివర్లూ దిండు గలేబులకి తీశారు. మిగతాది దీపం వత్తులకి.

జీన్సు సంచుల గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. మిషన్‌లో ఉన్న 14 నంబరు సూది మొదటి మడతకే విరిగింది. మా ఆయన్ని వానలో ఏడు రోడ్ల జంక్షన్‌కి పంపించి 16 నంబరుది తెప్పించాను. ఆయన ప్యాంటే కదా. పిడులకి మాత్రం పాత చీరల ఫాల్ విప్పి, నాలుగు మడతలు వేసి కుట్టాను. అయిదు కిలోల బియ్యం వేసి చూశాను, ఊడలేదు.

రాత్రి సర్దేటప్పుడు సూదులు లెక్కపెడితే రెండే ఉన్నాయి. తీసినవి మూడు. పిల్లాడు ఆ బొంత మీదే దొర్లాడని గుర్తొచ్చి గుండె ఆగినంత పనైంది. ఫ్రిజ్ మీది అయస్కాంతం తెచ్చి బొంతంతా రాశాం. కుడివైపు మూల టక్కున పట్టుకుంది. తడిమితే సూది కాదు, పిన్నీసు. ఏ కోక మడతలోనో ఉండిపోయి, పొరల మధ్య కుట్టేశాం. సూదేమో అత్తయ్య జాకెట్టు భుజానికే గుచ్చి ఉంది.

రేపు ఆ మూల నాలుగు వరసలు విప్పాలి.