బిగించు, వదులు చెయ్

నార్త్ కరోలినాలోని కేరీలో మేం కొన్న ఇల్లు 1994లో కట్టింది. వంటింట్లో తేనెరంగు ఓక్ క్యాబినెట్లు, వాటికి ఇత్తడి రంగు నాబ్‌లు. చెక్క ఇప్పటికీ గట్టిగా ఉంది. పొయ్యి పక్కనున్న నాబ్‌లు మాత్రం జిడ్డుపట్టి నల్లబడ్డాయి. పోపు వేస్తూ అదే చేత్తో తలుపు తీస్తాం కదా, చుట్టూ పసుపు మరకలు కూడా. క్యాబినెట్లన్నీ మార్చాలంటే వేల డాలర్లు. నాబ్‌లూ హ్యాండిల్సూ మాత్రం మారుద్దాం, అదీ మనమే చేసుకుందాం అని వేసవి సెలవుల్లో అనుకున్నాం. మనమంటే నేను, 11 ఏళ్ళ మా పాప, 7 ఏళ్ళ బాబు.

ఈ సంగతి హన్మకొండలో ఉన్న అమ్మకి ఫోన్లో చెబితే, "గంత చదువు చదివి గా పనులు నువ్వు చేసుడేంది బిడ్డా? ఆడ మనుషులు దొరకరా?" అంది. తనను తప్పుపట్టలేను. మా ఇంట్లో తలుపు కిర్రుమన్నా, గొళ్ళెం పడకపోయినా వడ్లాయనకి కబురు వెళ్ళేది. ఆయన వరండాలో కూర్చుని చిత్రిక పడుతుంటే ఉంగరాలు తిరుగుతూ లేచే చెక్కపొట్టు, దాని వాసన ఇప్పటికీ గుర్తే. దగ్గరకెళ్ళి చూస్తుంటే మాత్రం "పోయి చదువుకోపో" అనేవాళ్ళు. చేతిపని వేరేవాళ్ళు చేసేదని నాకెవరూ నోరు తెరిచి చెప్పలేదు. చూస్తూ చూస్తూ అదే నేర్చుకున్నాను. నా పిల్లలు మాత్రం నన్ను చూసి అది నేర్చుకోకూడదు.

మొదటి తప్పు నేనే చేశాను. సొరుగుల పాత హ్యాండిల్‌ని ఈ చివర నుంచి ఆ చివరకి కొలిస్తే మూడు ముప్పావు అంగుళాలు వచ్చింది. షాపులో ప్యాకెట్ మీద కూడా 3¾ అంగుళాలు, 96 మిల్లీమీటర్లు అని కనిపిస్తే తొమ్మిది తెచ్చేశాను. ఒక్కటీ పట్టలేదు. కొలవాల్సింది హ్యాండిల్ పొడవు కాదు, ఒక బెజ్జం నడిమి నుంచి రెండో బెజ్జం నడిమి దాకా. మాది సరిగ్గా 3 అంగుళాలు. అన్నీ వెనక్కిచ్చి 3 అంగుళాలవి తెచ్చాం, పాత బెజ్జాల్లోనే కూర్చున్నాయి. స్క్రూలు కూడా చూసుకోవాలి. తలుపుకి అంగుళం స్క్రూ చాలు. సొరుగుకి ముందు రెండు చెక్కలుంటాయి కాబట్టి అంగుళం ముప్పావుది కావాల్సొచ్చింది.

టేపు మీద చిన్న గీతలేంటని పాప అడిగింది. వడ్లాయన నాన్నతో "రెండంగుళాల మూడు సూత్" అనడం గుర్తొచ్చింది. అంగుళంలో ఎనిమిదో వంతు సూత్. అమెరికా టేపులో ఎనిమిదో వంతు గీత కూడా అదే. పాప గోరు పెట్టి ఒక్కో గీతా లెక్కపెట్టుకుంది. బాబు ఆ రోజంతా చెంచాలు, చెప్పులు, అక్క జడ, అన్నీ సూత్‌లలో కొలిచాడు.

మా పిల్లలు ఆదివారం తెలుగు క్లాసుకి వెళ్తారు, పద్యాలు చక్కగా చెప్తారు. ఇంట్లో మాత్రం మా తెలుగు "తిను, పడుకో, తొందరగా కానీ" దగ్గరే ఆగిపోయింది. ఈ పనిలో అలా కుదరలేదు. తలుపు బయటివైపు పాప హ్యాండిల్ పట్టుకుంటే, లోపలివైపు నుంచి నేను స్క్రూ తిప్పాలి. మధ్యలో తలుపు అడ్డం, ఒకరికొకరం కనిపించం. చెయ్యి చూపించి చెప్పేందుకు లేదు, నోటితోనే చెప్పాలి. "అదిమి పట్టు. కాస్త పైకి. వదులుగా ఉందా? ఇప్పుడు బిగిస్తున్నా." మూడో తలుపుకల్లా అవతల నుంచి తనే "అమ్మా, వంకరగా ఉంది, వదులు చెయ్" అంది. ఆ మాట నేను నేర్పలేదు.

తలుపులకి నాబ్ బదులు హ్యాండిల్ పెట్టాలంటే రెండో బెజ్జం కావాలి. సీరియల్ డబ్బా అట్ట కత్తిరించి కొలత అట్ట చేసుకున్నాం. చెక్క పెచ్చులు లేవకుండా ముందువైపు నీలం టేపు అతికించి, వెనక ఒక చెక్కముక్క ఆనించి, కళ్ళద్దాలు పెట్టుకుని, 3/16 అంగుళాల డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా. నా చెయ్యి పైన ఉంచి పాపతోనే చేయించాను. పదకొండు తలుపులు బాగానే వచ్చాయి. ఫ్రిజ్ పక్క తలుపు దగ్గర అట్ట జరిగింది. డ్రిల్ ఆపి చూస్తే బెజ్జం మూడు సూత్‌లు పక్కకి.

పాప ముఖం మాడిపోయింది. "సారీ అమ్మా, తలుపు పాడు చేశాను" అంటూనే గదిలోకి వెళ్ళిపోయింది. "చెప్పానా?" అన్న మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. కాసేపటికి వెళ్ళి పక్కన కూర్చున్నాను. మా పూజగది తలుపుకి వడ్లాయన కూడా ఒకసారి బెజ్జం తప్పు పెట్టాడని, ఏమీ మాట్లాడకుండా చిన్న చెక్క పేడు చెక్కి, జిగురు పూసి అందులోకి కొట్టి, పైన చిత్రిక పట్టాడని చెప్పాను. "తర్వాత కనిపించిందా?" అని అడిగింది. తెలిసినవాళ్ళకి కనిపించేది అన్నాను.

మేం షాపులో దొరికే వుడ్ ఫిల్లర్ నింపాం. ఆరాక కుంగింది, మళ్ళీ నింపాం. మర్నాడు బాబు గరుకు కాగితం రుద్దాడు. ఫిల్లర్ చెక్కలా రంగు పీల్చుకోదు, అందుకే హ్యాండిల్ పక్కన పప్పుగింజంత మచ్చ మిగిలింది.

ఆ ఆదివారం అమ్మ వీడియో కాల్‌లో ఉన్నప్పుడు పాప ఫోన్ తీసుకెళ్ళి వంటిల్లంతా చూపించింది. కొత్తవన్నీ బాగున్నాయంది అమ్మ. పాప ఫ్రిజ్ దగ్గర ఆగి, ఫోన్ దగ్గరగా పెట్టి, "అమ్మమ్మా, ఇక్కడ బెజ్జం తప్పు పెట్టింది నేనే" అంది. అమ్మ కళ్ళజోడు సర్దుకుని ముందుకు వంగింది.

"గది సరే గని, హ్యాండిల్ ఊగుతలేదు గదా?"

"లేదమ్మమ్మా. గట్టిగా బిగించాను."