పల్లాడియం నల్లబడితే

సుజుకీ కప్లింగ్ (పల్లాడియం సాయంతో రెండు కర్బన సమూహాలను జతచేసే రసాయన చర్య) చేసేవారికి ముందుగా అలవడవలసింది రంగును గమనించడం. ఇందులో ఉత్ప్రేరకంగా వాడే టెట్రాకిస్ ట్రైఫినైల్‌ఫాస్ఫీన్ పల్లాడియం తాజాగా ఉన్నంతవరకు పసుపుపచ్చని పొడి. గాలి సోకి చెడిపోయేకొద్దీ ఆకుపచ్చగా, ఆపై గోధుమరంగుగా మారుతుంది. ప్రయోగశాలలో చేరిన కొత్తలో నేను ఒక ఆరైల్ బ్రోమైడ్‌ను (బెంజీన్ వంటి వలయానికి బ్రోమిన్ అతికిన సమ్మేళనం), బోరానిక్ ఆమ్లాన్ని (అలాంటి వలయానికి బోరాన్ అతికినది), పొటాషియం కార్బోనేట్ ద్రావణాన్ని, ఈ ఉత్ప్రేరకాన్ని ఒకేసారి ఫ్లాస్కులో వేసి, నత్రజని బెలూను తగిలించి, 80 డిగ్రీల వద్ద వేడిచేశాను. గంట తిరగకముందే గాజుకు నల్లని మసి పట్టింది. చర్య ఎంతవరకు సాగిందో చూపే టీఎల్‌సీ (పలుచని పొర క్రొమటోగ్రఫీ) పలక మీద బ్రోమైడ్ చుక్క చెక్కుచెదరలేదు. కొత్తగా కనిపించిన చుక్క బోరానిక్ ఆమ్లపు అణువులు రెండు తమలో తాము జతకట్టడం వల్ల ఏర్పడినది.

బెలూను ద్రావకం పైనున్న గాలిని తొలగిస్తుందే తప్ప, ద్రావకంలోనూ నీటిలోనూ కరిగివున్న ఆక్సిజన్‌ను తీసివేయలేదు. ఈ చర్యలో సున్నా ఆక్సీకరణ స్థితిలోని పల్లాడియం కార్బన్-బ్రోమిన్ బంధంలోకి చొచ్చుకుపోయి +2 స్థితికి చేరుతుంది. క్షారం (ఇక్కడ పొటాషియం కార్బోనేట్) తోడ్పాటుతో బోరాన్ తన ఆరైల్ సమూహాన్ని దానికి అప్పగిస్తుంది. పక్కపక్కనే చేరిన రెండు సమూహాలు బంధం కట్టుకొని విడిపోగానే పల్లాడియం మళ్ళీ సున్నాకు వస్తుంది. ఆక్సిజన్ ఉంటే ఆ సున్నా స్థితి లోహాన్నే ముందుగా పట్టుకుంటుంది, ఫాస్ఫీన్‌ను ఆక్సైడుగా మారుస్తుంది. లిగాండ్ (లోహాన్ని అంటిపెట్టుకొని ఉండే అణువు, ఇక్కడ ఫాస్ఫీన్) అండ కోల్పోయిన పల్లాడియం గుంపుకట్టి నల్లని లోహంగా అడుగుకు చేరుతుంది. అందుకే ఇప్పుడు ద్రావకంలోకి, క్షార ద్రావణంలోకి అరగంటసేపు నత్రజని బుడగలు పంపి, ఉత్ప్రేరకాన్ని చిట్టచివర వేస్తాను.

హొక్కైడో విశ్వవిద్యాలయంలో అకిరా సుజుకీ, నొరియో మియౌరా 1979లో ప్రకటించిన ఈ పద్ధతిలో నన్ను అన్నిటికన్నా ఆకట్టుకునేది క్షారమే. కార్బన్-బోరాన్ బంధంలో ధ్రువత్వం తక్కువ కనుక, క్షారం లేకపోతే ఆ ఆరైల్ సమూహం పల్లాడియానికి సులువుగా చేరదు. ఇలాంటిదే మరో కప్లింగ్‌ను రూపొందించిన నెగిషీ వాడిన జింక్ సమ్మేళనాలు చురుకైనవే అయినా తేమను ఓర్వవు. బోరానిక్ ఆమ్లాలు నీటిలోనే పని సాగనిస్తాయి. 2010లో పల్లాడియం కప్లింగ్‌లపై కృషికి హెక్, నెగిషీ, సుజుకీలకు నోబెల్ వచ్చేనాటికే మందుల తయారీలో ఈ చర్య స్థిరపడింది.

మందుల విషయంలో మాత్రం చర్య పూర్తయినంత మాత్రాన పని ముగియదు. నోటితో తీసుకునే మందు ద్వారా ఒంట్లోకి చేరే పల్లాడియం రోజుకు 100 మైక్రోగ్రాములకు మించరాదని అంతర్జాతీయ మార్గదర్శకం చెబుతోంది. ఉత్తేజిత కార్బన్‌తోనో, థయోల్ (గంధకం ఉన్న) సమూహాలు అతికించిన సిలికాతోనో ద్రావణాన్ని కలియబెట్టి వడగడితే ఈ లోహం చాలామటుకు వాటికే అంటుకుపోతుంది.