మారికుప్పం బ్రాంచి లైను, కేజీఎఫ్ గనులు

కుప్పం దాటి బెంగళూరు వైపు పోయే రైలు గుడుపల్లె, బిసానత్తం, కామసముద్రం మీదుగా బంగారుపేట చేరుతుంది. అక్కడ చీలే 16 కిలోమీటర్ల బ్రాంచి లైను మారికుప్పంతో ముగుస్తుంది. ఈ లైను పోయే ఊరే కేజీఎఫ్, అంటే కోలార్ గోల్డ్ ఫీల్డ్స్. ఆ పేరు అనగానే గనుల లోతు గురించి అందరూ చెబుతారు, ఈ లైనును పట్టించుకునేవాళ్లు తక్కువ. గని మూతపడ్డాక కూడా ఆ ఊరు ఎందుకు ఖాళీ కాలేదో తెలియాలంటే దీన్నే చూడాలి.

రైలు కంటే బంగారం ముందు. టిప్పు పతనం తర్వాత మైసూరు సరిహద్దు సర్వేకు 1802లో వచ్చిన లెఫ్టినెంట్ జాన్ వారెన్‌కు ఊరుగాం దగ్గర జనం మట్టి కడిగి బంగారు రజను చూపించారు. డెబ్బై ఏళ్ల తర్వాత ఆ నివేదిక చదివిన మైఖేల్ లావెల్ అనే మాజీ సైనికుడు 1875లో లైసెన్సు తెచ్చుకున్నాడు. డబ్బు చాలక హక్కులు వేరేవాళ్లకు అమ్మేశాడు. 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ అనే బ్రిటిష్ కంపెనీ దిగాక కూడా మొదట్లో నష్టాలే. పూర్వీకులు తవ్వి వదిలేసిన గోతుల అడుగున, ఇంకాస్త లోతుకు పోయాక, చాంపియన్ పలుగురాయి పొర తగిలింది. తొలి రోజుల్లో టన్ను రాయికి 40 గ్రాములకు పైగా బంగారం వచ్చేది.

బాయిలర్లు, బొగ్గు, రాయి దంచే స్టాంపు మిల్లుల ఇనుము మద్రాసు నుంచి రైల్లో బౌరింగ్‌పేట దాకా వచ్చేవి. నేటి బంగారుపేటకు నాటి పేరు అది. అక్కడి నుంచి ఎడ్లబండ్లే. గని లోతయ్యేకొద్దీ నీళ్లు తోడే పంపులకూ, రాయి పైకి లాగే ఇంజన్లకూ బొగ్గు అంతకంతకూ కావాలి, బండ్లతో ఆ పని తెమలదు. 1894లో బ్రాంచి లైను వచ్చింది. కోరమాండల్, ఊరుగాం, చాంపియన్, మారికుప్పం అంటూ స్టేషన్లు వరసగా ఉండడం యాదృచ్ఛికం కాదు. బంగారమున్న శిస్టు రాతి పట్టీ ఉత్తర దక్షిణాలుగా సాగుతుంది. దాని వెంట షాఫ్టులు (గనిలోకి దిగే బావులు), షాఫ్టుల వెంట కూలీల ఇళ్ల వరసలు, వాటి వెంట పట్టాలు పడ్డాయి. ఆ పట్టీ దక్షిణపు కొసే మన చిత్తూరు జిల్లా బిసానత్తం, చిగురుగుంట. అక్కడా గనులు నడిచాయి.

చిత్తూరు, ఉత్తర ఆర్కాటు పల్లెల నుంచి కూలీలు ఇటే వచ్చారు. పాకాల, చిత్తూరు లైను అప్పట్లో మీటర్ గేజి, కాబట్టి కాట్పాడిలో దిగి బ్రాడ్ గేజి బండి ఎక్కాల్సిందే.

1902లో కావేరి మీది శివనసముద్రం జలవిద్యుత్ కేంద్రం నుంచి కరెంటు వచ్చాక బొగ్గు అవసరం బాగా తగ్గింది. రాయిలోంచి బంగారం తీసే పద్ధతి ఇదీ. రాయిని పిండి చేసి పాదరసం పూసిన రాగి పలకల మీదుగా పారించాలి. పెద్ద రజను అక్కడ అంటుకుంటుంది. మిగిలిన సన్నది పలచని సైనైడు నీళ్లలో కరుగుతుంది. దానికి గాలి తగలాలి, సున్నం కలవాలి. సున్నం చాలకపోతే విషవాయువు లేస్తుంది, సైనైడూ వృథా. చివరికి జింకు వేస్తే బంగారం నల్లటి బురదలా కిందికి దిగుతుంది, దాన్ని కరిగించి కడ్డీ పోస్తారు. బంగారం తీసేశాక మిగిలిన పిండే ఇప్పుడు ఊరి పక్కన కనిపించే బూడిద రంగు సైనైడు దిబ్బలు. వేసవి గాలికి ఆ దుమ్ము ఇళ్లలోకి కొడుతుంది. ఇన్నేళ్లయినా వాటికి సరైన పరిష్కారం చూపకపోవడం అన్యాయం.

చాంపియన్ రీఫ్ గని లోతు 3 కిలోమీటర్లు దాటింది. ఆ లోతులో పైనున్న రాతి బరువుకు గట్టి రాయి వంగదు, ఒత్తిడిని దాచుకుని ఒక్కసారిగా పేలుతుంది. కర్ర దన్నులు నలిగిపోతుంటే గ్రానైటు దిమ్మెలతో గోడలు కట్టి ఆపేవారు. ఖర్చు పెరిగింది, బంగారం టన్ను రాయికి 3 గ్రాముల దాకా పడిపోయింది. 2001 ఫిబ్రవరి 28న ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ గనులు మూసేసింది.

అప్పుడు ఊరిని నిలబెట్టింది ఈ లైనే. పొద్దున్నే మారికుప్పంలో బయల్దేరే బండ్లలో వేలమంది బెంగళూరు పనులకు పోయి రాత్రికి తిరిగొస్తారు. ఇల్లు ఇక్కడ, కూలి అక్కడ.

చూడాలనుకునేవాళ్లు చిత్తూరు నుంచి పలమనేరు, వి.కోట, బేతమంగళం మీదుగా బస్సులో పోవచ్చు. బేతమంగళంలో పాలారు మీది చెరువు చూడండి, గనులకు నీళ్లు అక్కడి నుంచే వచ్చేవి. రైల్లో అయితే బంగారుపేటలో మారాలి. మారికుప్పం నుంచి కుప్పానికి కొత్త లైను మంజూరై ఉంది. అది పూర్తయితే మనవాళ్లకు బంగారుపేట చుట్టు తప్పుతుంది.