చామంతి, ట్రాంబోన్, రెండు మార్కులు

శుక్రవారం పొద్దున ఆరున్నరకి కాఫీ తాగుతుంటే మేడ మీంచి మువ్వల చప్పుడు. మా అక్కావాళ్ళది డాలస్ పక్కన ఫ్రిస్కో. ఆ ఊరి గురించి తెలుగువాళ్ళకి చెప్పక్కర్లేదు: హనుమంతుడి గుడి, బిర్యానీ హోటళ్ళు, సాయంత్రం వాకింగులో ‘ఎప్పుడొచ్చారండీ’ అని పలకరించే గుంటూరు పెద్దాయన. అంచేత ఏదో డాన్సు ప్రోగ్రాం అయుంటుంది అనుకున్నాను. దిగి వచ్చింది మా మేనకోడలు. పదకొండో తరగతి. మెడలో అరచేతికి రెండింతలున్న గుడ్డ చామంతి. దాని కింద మోకాళ్ళు దాటి వేలాడే రిబ్బన్లు, వాటి మధ్య చిన్న చిన్న గంటలు, ఓ బుల్లి ఎలుగుబంటి, మెరుపు కాగితంతో అంటించిన దాని పేరు.

“ఇదేంటే, గంగిరెద్దులా?”

“మమ్, మామయ్యా! ఇవాళ హోమ్‌కమింగ్.”

హోమ్‌కమింగ్ అంటే పాత విద్యార్థుల్ని స్కూలుకి ఆహ్వానించే పండగ. మమ్ అంటే క్రిసాంథిమమ్‌కి పొట్టిపేరు, మన చామంతే. ఒకప్పుడు హోమ్‌కమింగ్ రోజు జరిగే అమెరికన్ ఫుట్‌బాల్ ఆటకి అబ్బాయిలు అమ్మాయిలకి నిజం చామంతి పువ్వే ఇచ్చేవారట. టెక్సాస్ కదా, పెరిగి పెరిగి ఇలా అయింది. ఖరీదు 150 డాలర్లు. రూపాయల్లోకి మార్చొద్దని అక్క మొదటిరోజే చెప్పినా చెయ్యి ఆగలేదు. పదమూడు వేలు! ఆ డబ్బుకి మన మార్కెట్లో చామంతులు కొంటే పెళ్ళి మండపం అంతా కట్టించొచ్చు.

 

సాయంత్రం ఆటకి వెళ్తూ దారిలో బావ స్కూళ్ళ సంగతి మొదలుపెట్టారు. ఇంటి పన్నులో సగానికి పైనే స్కూళ్ళకి పోతుందట, కాబట్టి ఆయనకి మాట్లాడే హక్కుంది. పక్కన అలెన్ ఊరంతటికీ పెద్ద హైస్కూలు ఒక్కటే, దాదాపు ఐదు వేల మంది పిల్లలు. వాళ్ళు 2012లో ఆరు కోట్ల డాలర్లు పోసి 18,000 మంది కూర్చునే ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు. రెండేళ్ళు తిరక్కుండానే కాంక్రీటు పగుళ్ళిచ్చి మూసేశారు, బాగుచేసి 2015లో తెరిచారు. ఫ్రిస్కో వాళ్ళ దారి వేరు. ఒక్కో స్కూలూ రెండు వేల చిల్లర దాటకుండా పన్నెండు హైస్కూళ్ళు పెట్టుకున్నారు. “ఐదు వేల మందిలో మన పిల్లకి క్లారినెట్ చేతికొచ్చేదా? ఇక్కడ పన్నెండు బ్యాండ్లు, పన్నెండు టీములు, పన్నెండు నాటకాలు” అన్నారు. లెక్క బాగానే ఉంది.

గేటు దగ్గర నా సంచి ఆపేశారు. లోపలున్నది బయటికి కనబడే ప్లాస్టిక్ సంచయితేనే రానిస్తారట. చేగోడీలు కారులో పెట్టి రావడానికి పావు మైలు వెనక్కి నడిచాను. లోపల చిప్స్ మీద చీజ్ పోసినదీ, ఓ నీళ్ళ సీసా కలిపి తొమ్మిది డాలర్లు. మొదటి అరగంట ఆట సంగతి నన్నడక్కండి, మొహం ముడుచుకుని కూర్చున్నాను.

హాఫ్ టైమ్‌కి బ్యాండ్ దిగింది. రెండొందల మంది దాకా ఉంటారు. వాయిస్తూనే నడుస్తూ, వెనక్కి కూడా నడుస్తూ, ఒకళ్ళనొకళ్ళు గుద్దుకోకుండా చుక్కల ముగ్గు కలిపినట్టు గీతలు మారుస్తున్నారు. ఆగస్టు ఎండలో పార్కింగ్ లాట్‌లో నేర్చుకున్నారట. నా పక్కన బ్యాండ్ టీషర్టులో ఓ పొడుగాటి కుర్రాడు. అతని కుడిచెయ్యి ఒళ్ళో ముందుకీ వెనక్కీ జరుగుతోంది. కాసేపటికి అర్థమైంది, ట్రాంబోన్ వాయిస్తున్నాడు, గొట్టం ముందుకీ వెనక్కీ జరుపుతూ ఊదే బాకా. చేతిలో ట్రాంబోన్ లేదు, అంతే.

“నువ్వు కింద లేవేం?” అన్నాను నా ఇంగ్లీషులో.

“కెమిస్ట్రీలో 68” అన్నాడు.

టెక్సాస్‌లో 1984 నుంచీ చట్టం ఉందట: ఇప్పుడైతే మామూలు సబ్జెక్టు దేన్లోనైనా 70కి తగ్గితే కనీసం మూడు వారాలు ఆటా లేదు, పాటా లేదు. ప్రాక్టీసుకి మాత్రం రావచ్చు. ‘నో పాస్, నో ప్లే’ అంటారు. ఫుట్‌బాల్ హీరోకైనా ఇదే. అతను వేలు చూపించాక నాకు కనబడింది: ట్రాంబోన్ల వరుసలో ఒక మనిషి పట్టేంత ఖాళీ. వరుస తిరిగినప్పుడల్లా ఆ ఖాళీ కూడా తిరుగుతోంది.

“అది నా చోటు. ఎవర్నీ పెట్టలేదు” అన్నాడు. దిగులు కన్నా గర్వమే ఎక్కువుంది ఆ గొంతులో.

మావాడు ఏడో తరగతి దాకా మృదంగం నేర్చుకున్నాడు. మార్కులు తగ్గుతాయేమోనని ముందే మాన్పించాను. తగ్గనే లేదు, తగ్గుతాయేమోనని. తర్వాత ఇంటర్ రెండేళ్ళూ హాస్టలున్న కాలేజీ. నాలుగంతస్తుల అపార్టుమెంటు, కిటికీలకి గ్రిల్స్, తెల్లారకుండానే స్టడీ అవర్. ఫీజు రసీదులో ‘గేమ్స్’ అని ఒక లైను ఉండేది. ఎక్కడ ఆడిస్తారని ఒక్కసారైనా అడగలేదు, ఆ తప్పు నాదే.

ఇదే మాట కారులో అంటే అక్క నవ్వింది. “ఇక్కడేదో స్వర్గమనుకోకురా. ఇక్కడా ర్యాంకే.” ఆస్టిన్‌లోని యూనివర్సిటీలో టెక్సాస్ పిల్లలకి నేరుగా సీటు రావాలంటే స్కూల్లో ర్యాంకు మొదటి 6 శాతంలో ఉండాల్సొచ్చేది, 2026లో చేరే బ్యాచ్ నుంచి దాన్నీ 5 చేశారు. ఫ్రిస్కోలో ఆ 5 శాతం కోసం కొట్టుకునేది ఎక్కువగా మనవాళ్ళే. ఏపీ కోర్సులు (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్, అంటే హైస్కూల్లోనే కాలేజీ స్థాయి చదువు), మేలో ఐదు పాయింట్లకి వాటి పరీక్షలు, శనివారం కాలేజీ ప్రవేశానికి రాసే ఎస్ఏటీ పరీక్షకి కోచింగ్. మా మేనకోడలు ఇంటికొచ్చేసరికి పదకొండయింది. బూట్లు విప్పి, మిగిలిన చేగోడీలు ముందేసుకుని కాలిక్యులస్ తీసింది. మమ్ గోడ మేకుకి వేలాడుతోంది, ఏసీ గాలికి అప్పుడప్పుడు ఓ గంట మోగుతోంది.

మావాడికి బ్యాండు వీడియో పంపితే వెంటనే ఫోన్ చేశాడు. డ్రమ్ములు బాగున్నాయన్నాడు. “ఇంతకీ ఎవరు గెలిచారు నాన్నా?” అనడిగాడు.

నిజంగానే తెలీదు. హాఫ్ టైమ్ తర్వాత స్కోరు బోర్డు వైపు చూసిన గుర్తే లేదు. అక్కనడిగితే “మనవాళ్ళే అనుకుంటా” అంది.