ఆమెన్ అనకముందే నిద్ర
లేవగానే చెయ్యి ఫోన్ మీదకే పోతుంది, ప్రార్థన తర్వాత చేద్దాంలే అనుకుంటా, ఆ తర్వాత అనేది రాత్రి 11 అయితే గానీ రాదు, అప్పుడు "ప్రభువా, ఈ ఉద్యోగం మారాలా వద్దా చెప్పు" అని అడిగేసి ఆమెన్ అనకముందే నిద్రపోతా. ఇంక ఆయనెప్పుడు చెప్పాలి పాపం!

మొన్న బైబిల్లో 1 రాజులు 19వ అధ్యాయం చదివా. హోరేబు కొండ మీద ఏలీయా ప్రవక్త ముందు బండలు పగలగొట్టే గాలి, భూకంపం, మంటలు... వేటిలోనూ దేవుడు లేడు, చివర్లో మెల్లని స్వరం. అది విని దుప్పటితో మొహం కప్పుకుని గుహ వాకిట్లో నిలబడ్డాడు. తీరా వినిపించింది ప్రశ్నే, ఇక్కడేం చేస్తున్నావ్ అని!

నిన్న ఫోన్ వేరే గదిలో పెట్టి 10 నిమిషాలు కూర్చున్నా. 7 నిమిషాలు గీజర్ ఆపానా లేదా అనే గోలే. ఉద్యోగం సంగతి తేలలేదు కానీ, రెండు నెలలుగా నాతో మాట్లాడని తమ్ముడు గుర్తొచ్చాడు, లేచి ఫోన్ చేశా.