అంకె దగ్గరే ఆగిపోతున్నాం

"గింతమందితోని యుద్ధం ఆగుతదా అన్నా?" ఇవాళ ఇందిరా పార్క్ ధర్నాచౌక్ దగ్గర యుద్ధ వ్యతిరేక ఊరేగింపు పక్కన చిక్కుకున్న ఆటో డ్రైవర్ అడిగాడు. హారన్ మాత్రం కొట్టలేదు. ఇంజిన్ ఆపేసి, అట్టముక్కల మీద రాసింది చదువుతున్నాడు.

సాయంత్రానికి ఫోన్లలో ఒకటే గొడవ: వచ్చినవాళ్లు వేలా, వందలా?

2003 ఫిబ్రవరి 15న ఇరాక్ యుద్ధం వద్దంటూ లండన్‌లో నడిచినప్పుడూ ఇంతే. పోలీసులు 7.5 లక్షలన్నారు, నిర్వాహకులు 20 లక్షల దాకా అన్నారు. మార్చి 20న ఇరాక్ మీద యుద్ధం మొదలైంది. "మరి నడిచి ఏం లాభం?" అని అప్పటినుంచీ అడుగుతూనే ఉన్నారు. నా దృష్టిలో అది న్యాయమైన ప్రశ్నే, కొట్టిపారేయొద్దు.

లెక్క కావాలంటే వియత్నాం యుద్ధం రోజుల్లో అమెరికాలోని బర్క్‌లీలో జర్నలిజం ప్రొఫెసర్ హెర్బర్ట్ జేకబ్స్ చూపిన దారి ఉంది. వదులుగా నిలబడితే మనిషికి 10 చదరపు అడుగులు, ఒత్తుకుని ఉంటే 4.5. జనమున్న చోటు వైశాల్యాన్ని దాంతో భాగించాలి. వేదిక ముందున్న ఒత్తిడినే రోడ్డంతా అంటగడితే అంకె ఉబ్బిపోతుంది. నడిచే ఊరేగింపుకైతే ఒక్క ఫొటో చాలదు, మధ్యలో వచ్చేవాళ్లూ పోయేవాళ్లూ ఉంటారు.

ఇంకోటి. అట్టలు వేదిక వైపు కాదు, ఫుట్‌పాత్ వైపు తిప్పండి. నాలుగు మాటలే, పెద్ద అక్షరాల్లో. ఆగిన బండి మీద నుంచి చదివేవాళ్లకు అందాలి కదా.